అతి గోప్య పరీక్షలో చీమల జోక్యం

శాసనసభలో ఒక గౌరవ సభ్యులు లేచి, డైట్ డ్రింకుల్లో చక్కెరకు బదులు తీపి కోసం కలుపుతున్న పదార్థాలు ఒంటికి మంచివా, చెడ్డవా, ప్రభుత్వం దగ్గర సమాచారం ఉందా, లేకపోతే ఎందుకు లేదు అని అడిగారట. ప్రశ్న పై నుంచి ఒక్కో మెట్టే దొర్లుకుంటూ వచ్చి రామచంద్రపురంలో మా ఆఫీసు గుమ్మం దగ్గర ఆగింది. ఇంకా కిందికి దొర్లించడానికి మా కింద ఆఫీసు లేదు.

మాది పానీయ ప్రభావ పరిశీలనా సంస్థ, ప్రాంతీయ కార్యాలయం. ఇరవై నాలుగు మందిమి ఉన్నాం. సంస్థ పుట్టి పందొమ్మిదేళ్ళయినా, పొద్దున పదకొండుకీ సాయంత్రం నాలుక్కీ వచ్చే టీని తప్ప మేము ఏ పానీయాన్నీ పరిశీలించిన పాపాన పోలేదు. నేను ఇక్కడ సీనియర్ అసిస్టెంటుని, పేరు సోమయాజులు. సూపరింటెండెంటు పదోన్నతి జాబితాలో నా పేరు మొదట ఉంది. ఆ సంగతి ముందే చెప్పడం మంచిది, ఎందుకంటే ఈ కథలో నేను చేసిన పనులకీ, చెయ్యని పనులకీ అదే కారణం.

ప్రశ్న రాగానే నేను రెండు పెద్ద నివేదికలు సంపాదించి చదివాను. మితంగా తాగితే భయపడాల్సింది లేదని ఒకటి అంటోంది. బరువు తగ్గుతామని మాత్రం వీటిని నమ్ముకోవద్దని రెండోది అంటోంది. రెండూ కలిపి ఒక పేజీలో రాసి పంపిస్తే మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వెళ్ళిపోవచ్చు. ఆ మాటే మా డైరెక్టరు ఉమాపతిరావు గారితో అన్నాను.

ఉమాపతిరావు గారు ఇడ్లీ ఆలస్యమైనా సర్క్యులర్ భాషలోనే మందలిస్తారు. కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు.

"సోమయాజులూ, పరుల పరిశోధన మనకేల? ప్రశ్న మన సంస్థకు వేయబడినది. కావున పరీక్ష మన సంస్థలోనే, మన సిబ్బందిపైననే జరుపబడవలెను."

పద్ధతి చెప్పడానికి విశ్వవిద్యాలయం నుంచి ఒక ప్రొఫెసరు గారిని పిలిపించారు. ఆవిడ మంచి మనిషి, ఉన్న మాట చెప్పింది. "సగం మందికి చక్కెర వేసిన డ్రింకు, సగం మందికి చక్కెర లేని తీపి డ్రింకు ఇవ్వండి. ఎవరిది ఏదో తాగేవాళ్ళకీ తెలియకూడదు, పోసేవాళ్ళకీ తెలియకూడదు. తెలిస్తే ఆశలూ భయాలూ ఫలితాన్ని పాడుచేస్తాయి. ఇంకొకటి, షుగర్ జబ్బున్న వాళ్ళని దయచేసి ఇందులో కలపకండి. అసలు ఇరవై నాలుగు మందితో రెండు నెలల్లో ఏమీ తేలదు కూడా," అంది. సమావేశం మినిట్సు నేనే రాశాను. "ప్రొఫెసరు గారు మూడు విలువైన సూచనలు చేసిరి. మొదటిది ఆమోదింపబడినది."

మొదటిది గోప్యత. మా ఆఫీసుకి గోప్యత కొత్తేమీ కాదు. సెలవు చీటీల మీద కూడా 'అతి గోప్యం' అని ముద్ర కొట్టే అలవాటు మాకుంది. అయితే ఎవరికీ ఏమీ తెలియకుండా పని చెయ్యడాన్నే శాస్త్రం అంటారని మాకు తెలియదు. ఇన్నాళ్ళూ దాన్ని మా చేతకానితనం అనుకుని లోలోపల సిగ్గుపడుతూ వచ్చాం. ఆ రోజు అందరి ముఖాలూ వెలిగిపోయాయి.

తెలియకపోవడం రెండు వైపులా ఉంటే మంచిదైనప్పుడు, ఇంకాస్త ఉంటే ఇంకా మంచిది కదా అని ఉమాపతిరావు గారికి తోచింది. వారంలో అయిదు సర్క్యులర్లు వచ్చాయి. తాగేవారికి తెలియరాదని మొదటిది. పోసేవారికి తెలియరాదని రెండోది. రిజిస్టరు రాసేవారికీ, వారిపై అధికారికీ తెలియరాదని మూడోది. సరఫరా చేసే కంపెనీకి తెలియరాదని నాలుగోది. ఏ సీసాలో ఏమున్నదో చూపు పట్టికను తయారుచేయువారికి సైతం తెలియరాదని అయిదోది. ఏమున్నదో తెలియకుండా సరఫరా చెయ్యడం తమకు ఏమాత్రం కష్టం కాదని కంపెనీ వెంటనే జవాబు రాసింది.

సీసాలు దిగాయి. పేర్లు లేవు, రంగులు లేవు, మూత మీద అంకె మాత్రం ఉంది. ఒక్కో ఉద్యోగికి ఒక్కో అంకె, ఆ అంకె పెట్టెలో అరవై రోజులకు సరిపడా సీసాలు. నాది పదకొండు. రోజూ పదకొండు గంటలకు ఒక గ్లాసు, నాలుగు గంటలకు ఒక గ్లాసు తాగి సంతకం చెయ్యాలి. తాగకపోతే క్రమశిక్షణ చర్య. కంపెనీ పంపిన పట్టిక కవరుకి లక్కతో నాలుగు చోట్ల సీలు వేసి, రికార్డు కీపరు బీరువాలో పెట్టి తాళం వేశారు.

రికార్డు కీపరు అడపా నాగేంద్రం. నా పక్క బల్లే. పదవీ విరమణకి ఏడు నెలలుంది. షుగర్ వచ్చి పదకొండేళ్ళయింది. ఈ పదకొండేళ్ళలో ఆఫీసులో ఎవరి ప్రమోషనైనా, ఎవరింట పురుడైనా, కాజాల పళ్ళెం తన దగ్గరికి వచ్చినప్పుడు ఆయన ఒక్కసారి వాసన చూసి పక్కకు జరిపేవాడు. అదీ ఆయన నిగ్రహం. సీసాల పెట్టెలు సర్దుతుండగా ఒకటి జారి ఆయన కుడికాలి బొటనవేలి మీద పడి చిన్న పుండయింది. షుగర్ ఉన్న మనిషికి కాలి మీద చిన్న పుండు అనేది ఉండదు.

ఆయనది ఏడో అంకె. ఏడులో ఏముందో తెలియక, ఒక దరఖాస్తు రాసుకుని డైరెక్టరు గారి గదిలోకి కుంటుకుంటూ వెళ్ళాడు. ఫైలు పట్టుకుని నేనూ వెళ్ళాను.

"అయ్యా, నాకు షుగరండి. నన్ను ఇందులోంచి తప్పించండి. లేదంటే ఆ చక్కెర లేనిదేదో అదే నాకిప్పించండి," అన్నాడు.

ఉమాపతిరావు గారు దరఖాస్తు రెండుసార్లు చదివారు. ఆయన చెడ్డవాడు కాదు. నాగేంద్రం అంటే ఆయనకి గౌరవమే.

"నాగేంద్రం గారూ, మీ బాధ గమనింపబడినది. కాని ఆలోచింపుడు. మీకు చక్కెర లేనిదే ఇచ్చితిమి అనుకొనుడు. మీకిచ్చినది చక్కెర లేనిదని మీకు తెలిసిపోవును. మొదటి సర్క్యులరు భంగమగును. ఇవ్వవలెనన్న ఏది చక్కెర లేనిదో నాకు తెలియవలెను. మూడవ సర్క్యులరు భంగమగును."

"పోనీ, తప్పించెయ్యండి."

"తప్పించినచో షుగర్ గల వ్యక్తిని తప్పించిరి, కావున ఇందులో చక్కెర గలదు అని తక్కిన ఇరవై ముగ్గురికీ అనుమానము కలుగును."

"ఉంది కదండీ మరి?"

"ఉన్నదని మనకెట్లు తెలియును?" అన్నారు ఉమాపతిరావు గారు, కొంచెం బాధపడుతూనే. దరఖాస్తు మీద 'తిరస్కరింపబడినది' అని రాసి సంతకం పెట్టారు.

నాగేంద్రం పెన్షను కాగితాలు డైరెక్టరు గారి బల్ల మీదే ఉన్నాయి. నాగేంద్రం వచ్చి కూర్చుని, పదకొండు గంటల గ్లాసు తాగి సంతకం చేశాడు.

పరీక్ష మొదలైన వారానికే ఆఫీసులో ఆరోగ్యం మారిపోయింది. చక్కెర లేనిది తమకే వచ్చిందని గట్టిగా నమ్మినవాళ్ళు పన్నెండు మంది. తాగేది డైటేగా అని వాళ్ళు నాలుగు గంటల గ్లాసుతో పాటు ఇదివరకు రెండు తినే మిరపకాయ బజ్జీలు అయిదు తినడం మొదలుపెట్టారు. నేను ఆ పన్నెండు మందిలో ఒకణ్ణి. నేను బజ్జీలతో ఆగకుండా కాజాలు కూడా తెప్పించుకున్నాను. మిగిలినవాళ్ళకి తమ గ్లాసులో ఏదో రసాయనం ఉందని భయం పట్టుకుంది. గ్లాసు తాగగానే తలనొప్పి, కడుపుబ్బరం, అరచేతులు మంటలు. కొందరికి తాగకముందే వచ్చేవి. రిజిస్టరులో అన్నీ నమోదు చేస్తున్నాం, ఎవరి బాధ దేనివల్లో తెలియకుండా.

పదో రోజున అచ్చాయమ్మ నా బల్ల దగ్గరికి వచ్చి చీపురు కింద పెట్టింది. అచ్చాయమ్మ మా ఆఫీసు ఊడుస్తుంది, గ్లాసులు కడుగుతుంది, బాత్రూములు కడుగుతుంది. ఇప్పుడు సీసాల్లోంచి గ్లాసుల్లోకి పోసే పని కూడా ఆవిడదే. కాంట్రాక్టు ఉద్యోగం. ఏటేటా మార్చిలో డైరెక్టరు గారు సంతకం పెడితేనే ఆవిడకి మళ్ళీ ఏప్రిల్ వస్తుంది.

"గుమస్తా గారండీ, ఓ మాట," అంది గొంతు తగ్గించి. "నాగేంద్రం గారి గ్లాసుకి చీమలు పట్టేత్తన్నాయండి. ఆయన బల్ల కింద చుక్క పడితే చాలు, బారు కట్టేత్తన్నాయి. మీ గ్లాసు కాడ ఒక్కటంటే ఒక్కటి కూడా లేదండి. పదిరోజుల్నుంచి చూత్తన్నాను."

నేను వంగి చూశాను. నాగేంద్రం బల్ల కాలి మీదుగా ఎర్రచీమల బారు పైకి వెళ్తోంది. నా బల్ల దగ్గరికి వచ్చేసరికి ఆ చీమలు పక్కకు తిరిగి వెళ్ళిపోతున్నాయి.

"ఆయనకి చెప్పెయ్యండి బాబూ. నేను చెపితే నన్ను తీసేత్తారు. మీరు పెద్దోరు, మీరు చెపితే నెగ్గుద్ది."

నాగేంద్రం నాకు రెండడుగుల దూరంలో కూర్చుని కాలికి గుడ్డ చుట్టుకుంటున్నాడు. చెయ్యి చాపితే తగులుతాడు. ఒక్క మాట చాలు. కాని చెబితే నాకు తెలిసిందని తెలుస్తుంది. తెలిసినవాడి మీద విచారణ అని మూడో సర్క్యులరు చివర ఉంది. విచారణ ఉన్నవాడి పేరు పదోన్నతి జాబితాలో ఉండదు. అందుకని నేను సేవాధర్మం ప్రకారం నడుచుకున్నాను. ఫైలు పెట్టాను.

"విషయము: చీమలు - గోప్య సమాచారము - అనధికారికముగా పొందుట - గురించి." ఎవరి బల్ల దగ్గరో రాయలేదు. రాస్తే గోప్యత భంగం.

మర్నాడు అత్యవసర సమావేశం జరిగింది. ఉమాపతిరావు గారి ముఖం కమిలిపోయి ఉంది. అయిదు సర్క్యులర్లలో ఎక్కడా చీమల ప్రస్తావన లేదని ఆయన రాత్రంతా బాధపడ్డారట.

"తాగువారికి తెలియదు, పోయువారికి తెలియదు, నాకు తెలియదు. చీమలకు తెలియుటయా!" అన్నారు.

చీమల మందు చల్లిద్దామని ఎవరో అన్నారు. కాసేపు అందరూ తలాడించారు. తర్వాత మందు ఎక్కడ చల్లాలన్న ప్రశ్న వచ్చింది. చీమలున్న బల్లల దగ్గరే చల్లితే ఏ బల్లలో తెలిసిపోతుంది. అన్ని బల్లల దగ్గరా చల్లి, కొన్ని చోట్లే చీమలు చస్తే, ఊడ్చేటప్పుడు తెలిసిపోతుంది. చీమలు లేని చోట చంపడానికి చీమలు లేవు.

"అటులైన లేనిచోటికి తెప్పించుడు," అన్నారు ఉమాపతిరావు గారు.

అలా ఆరో సర్క్యులరు పుట్టింది. దాని పేరు సమ చీమల విధానం. ఇరవై నాలుగు బల్లల చుట్టూ రోజూ ఉదయం సమానంగా చక్కెర చల్లాలి. చీమలు అన్ని బల్లలకీ సమానంగా వస్తే వాటికి తెలిసిన సంగతి మనకి తెలియదు. చక్కెర కోసం ఇండెంటు పెట్టాం. నలభై కిలోలు దేనికని పౌరసరఫరాల వాళ్ళు అడిగితే, 'చక్కెర లేని పానీయాల పరిశీలన నిమిత్తము' అని రాశాం. వాళ్ళు మళ్ళీ అడగలేదు.

వారం తిరక్కుండా రామచంద్రపురంలో ఉన్న చీమలన్నీ మా ఆఫీసులో చేరాయి. ఫైళ్ళు తెరిస్తే చీమలు, కుర్చీలో కూర్చుంటే చీమలు. డైరెక్టరు గారి కళ్ళజోడు పెట్టెలో చీమలు. సిబ్బంది నిలబడి పని చేస్తూ, ఒక కాలితో ఇంకో కాలు గోక్కుంటూ, సంతకాలు పెట్టేవారు. రోజూ సాయంత్రం ముగ్గురు సభ్యుల ఉపసంఘం బల్ల బల్లకీ తిరిగి చీమల సాంద్రతని అంచనా వేసి సమానంగా ఉన్నట్టు ధ్రువీకరించేది. ఒక్కసారి పదహారో అంకె బల్ల దగ్గర చీమలు తగ్గాయని ఆ ఉద్యోగికి మెమో కూడా ఇచ్చారు.

ఈ గొడవలో నాగేంద్రం కాలి సంగతి మరుగున పడింది. పుండు తగ్గలేదు. చుట్టూ నల్లబడుతోంది. ప్రభుత్వాసుపత్రిలో డాక్టరు పరీక్ష చేసి, "ఏం తింటున్నావయ్యా? ఇంత పెరిగిందేంటి?" అని కోప్పడ్డాడట. ఏమీ తినట్లేదండీ అంటే నమ్మలేదట. ఇలాగే ఇంకో నెల గడిస్తే వేలు తీసెయ్యాల్సి వస్తుందన్నాడట. ఆ మాట నాగేంద్రం నాకు చెప్పి నవ్వడానికి ప్రయత్నించాడు.

"వేలు పోతే పోయిందనుకోండి. రిటైరయ్యే రోజు దండ వేసుకుని గుమ్మం దాకా నడవాలని ఉందండీ, సోమయాజులు గారూ. కుంటకుండా," అన్నాడు.

నేను నిజంగానే బాధపడ్డాను. ఆ బాధలో ఒక ఉపాయం తోచింది.

"నాగేంద్రం గారూ, కవరు మీ బీరువాలోనే ఉంది. తాళంచెవి మీ మొలతాడుకే ఉంది," అన్నాను, అటూ ఇటూ చూసి.

ఆయన నావైపు అదోలా చూశాడు. "ముప్పై నాలుగేళ్ళండీ. ఒక్క సీలు కూడా తియ్యలేదు. కాలి వేలు కోసం ఇప్పుడు తియ్యమంటారా?" అన్నాడు. పెద్దమనిషి. నాకు తెలిసింది చెప్పకుండా ఆయన చేత సీలు తీయించబోయానని అప్పుడు నాకు తట్టలేదు.

పదిహేడో రోజున అచ్చాయమ్మ మళ్ళీ వచ్చింది. ఈసారి చీపురు కింద పెట్టలేదు.

"బల్లల కాడంటే మీరే పంచదార పోశారండి. మరి బాత్రూములో ఎవరు పోశారండి? నాగేంద్రం గారెళ్ళొచ్చాక చూడండి, ఎన్ని చీమలు పడతన్నాయో. మా మావకీ ఇలాగే పట్టేయండి. ఆయన కాలు తీసేసేదాకా మాకు తెలవలేదు. ఆయన ఒంట్లో చక్కెర పొంగిపోతందండి బాబూ. చెప్పారా లేదా?"

"ఫైలు పెట్టాను అచ్చాయమ్మా. సర్క్యులేషన్‌లో ఉంది."

"ఫైలుకేం, కాలికి పుండుంటదా ఏంటండి," అని వెళ్ళిపోయింది. ఆవిడ చూసిన చూపుకి నేను ఆ రోజు నాలుగు గంటల గ్లాసు సగమే తాగగలిగాను.

తర్వాత జరిగింది శాస్త్రానికి అందదు. పది రోజులు తిరిగేసరికి నాగేంద్రం పుండు ఎండడం మొదలైంది. మరో పది రోజులకి నలుపు తగ్గింది. డాక్టరు సంతోషించి, "ఇప్పటికి మాట వింటున్నావు," అన్నాడట. తనకి ఇస్తున్నది చక్కెర లేని తీపేనని నాగేంద్రం గట్టిగా నమ్మాడు. దాన్ని కనిపెట్టినవాడెవరో గాని చల్లగా ఉండాలని దణ్ణం పెట్టుకున్నాడు. నా మనసూ తేలికపడింది. నేను చెప్పకపోయినా అంతా బాగానే జరిగిందిగా అనుకున్నాను. ఎందుకో ఆ రోజుల్లోనే నా గ్లాసు రుచి కూడా నాకు బాగా కుదిరింది. ఎండల వల్ల దాహం ఎక్కువైంది, అందుకేననుకున్నాను.

అరవై రోజులు నిండాయి. కవరు తెరిచే సభ ఏర్పాటైంది. బల్లకి గుడ్డ పరిచారు, కవరు పళ్ళెంలో పెట్టారు, చీమలు ఎక్కకుండా పళ్ళేన్ని నీళ్ళ బేసిన్లో నిలబెట్టారు. ముందు ఫలితాలు నేను చదివాను. ఇరవై నాలుగు మందిలో ఇరవై ముగ్గురి బరువు పెరిగింది. తలనొప్పులు మూడు వందల పన్నెండు. చీమకాట్లు లెక్కించలేదు. బరువు తగ్గింది నాగేంద్రం ఒక్కడే.

ఉమాపతిరావు గారు నాలుగు సీళ్ళూ పగలగొట్టి, కాగితం తీసి చదివారు. చదివి నాకిచ్చారు. నేను పైకి చదివాను.

"అయ్యా, ఏ సీసాలో ఏమున్నదో చూపు పట్టికను తయారుచేయువారికి సైతం తెలియరాదని తమరి అయిదవ సర్క్యులరు. తెలియకుండా తయారుచేయు మార్గము మాకు తోచలేదు. కావున పట్టిక తయారు చేయలేదని మనవి."

సభలో గోక్కుంటున్న చప్పుడు వినిపించింది. శాసనసభకి జవాబు మర్నాడే పంపాలి.

అప్పుడు నాగేంద్రం లేచి నిలబడ్డాడు. "అయ్యా, ఒక్క అంకె సంగతి నాకు తెలుసండి. ఏడోది చక్కెర లేనిదే. నా కాలే సాక్ష్యం," అన్నాడు.

ఉమాపతిరావు గారి ముఖం విప్పారింది. "సోమయాజులూ, రాయుము. ఏడవ అంకె..."

"కాదండి," అంది అచ్చాయమ్మ, గుమ్మం దగ్గర్నుంచి. "ఏడోది పంచదారదేనండి. నాగేంద్రం గారు తాగింది ఏడు కాదండి. పద్దెనిమిదో రోజు నుంచి నేనే మార్చేశానండి. చీమలు పట్టని గ్లాసు ఆయనకిచ్చి, ఆయనది ఇంకోరి బల్ల మీద పెట్టేశాను."

సభ అంతా ఒక్కసారిగా లేచింది. నాగేంద్రం మాత్రం కూలబడ్డాడు. పదిహేడు రోజులు తాను తాగిందేమిటో ఆయనకి అప్పుడు అర్థమైంది.

"ఎవరి బల్ల మీద?" అని ఉమాపతిరావు గారు అరిచారు. ఆ కంగారులో ఆయన మామూలు భాషలోకి వచ్చేశారు. "చెప్పవే అచ్చాయమ్మా, ఎవరికి పోశావు?"

"ఎవరికీ తెలవకూడదన్నారు కదండి," అంది ఆవిడ నిదానంగా.

"నిన్ను ఈ క్షణమే తొలగిస్తున్నాను!"

నాగేంద్రం మళ్ళీ లేచాడు. ముప్పై నాలుగేళ్ళలో ఆయన గొంతు పెంచడం మేము వినలేదు. "అలాగేనండి. కారణం రాసివ్వండి. షుగర్ ఉన్నవాడికి చక్కెర నీళ్ళు పోయించాం, ఈవిడ అడ్డుపడింది, అందుకని తీసేశాం అని రాయండి. ఆ కాగితం, ఈ కాలు రెండూ పట్టుకుని నేనే శాసనసభకి వెళ్తాను."

ఉమాపతిరావు గారు ఆలోచించారు. తీసెయ్యాలంటే కారణం రాయాలి. కారణం రాస్తే ఏడో అంకెలో ఏముందో లిఖితపూర్వకంగా తెలిసిపోతుంది. అచ్చాయమ్మ ఉద్యోగాన్ని గోప్యతే కాపాడింది.

భోజనాల వేళకి ఆఫీసులో ఎవరూ లేరు. అందరూ రక్తపరీక్షకి పరిగెత్తారు, డైరెక్టరు గారు అందరికంటే ముందు. నేను వెళ్ళలేదు. నాకు నలభై తొమ్మిదేళ్ళు, గుండ్రాయిలా ఉన్నాను. పైగా జవాబు నేనే రాయాలి. "పరిశీలన ఫలప్రదముగా సాగుచున్నది. సిబ్బంది బరువు పెరిగినది. కారణము గోప్యము. మరింత కచ్చితత్వము కొరకు పరీక్ష ఆరు నెలలు పొడిగింపబడినది." ఉమాపతిరావు గారు పరీక్ష చేయించుకుని వచ్చి సంతకం పెట్టి, భాష బాగుందని మెచ్చుకున్నారు.

మర్నాడు పొద్దున్న నేను పేపరు చదువుతుంటే మా ఆవిడ ఫినాయిల్ సీసా పట్టుకుని వచ్చింది.

"ఏవండీ, మన బాత్రూములో ఈ చీమలేంటండీ? పది రోజుల్నుంచి చూస్తున్నాను. ఎంత కడిగినా మీరు వెళ్ళొచ్చేసరికి మళ్ళీ బారు. వంటింట్లో పంచదార డబ్బాకి పట్టనివి అక్కడికెందుకు వస్తున్నట్టు?"

నాకు అచ్చాయమ్మ చూపు గుర్తొచ్చింది. పద్దెనిమిదో రోజు గుర్తొచ్చింది. నా గ్లాసు రుచి కుదిరిన రోజు, ఎండల దాహం, ఈ మధ్య రాత్రి నాలుగుసార్లు లేవడం, అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి.

నాగేంద్రం బల్ల దగ్గర చీమల్ని చూసినప్పుడు నేను ఫైలు పెట్టాను. నా బాత్రూములో చీమల గురించి విన్నప్పుడు చొక్కా గుండీలు కూడా పెట్టుకోలేదు. చేతికందిన చెప్పులు వేసుకుని ఆసుపత్రికి పరిగెత్తాను.

అక్కడ బెంచీ మీద నాగేంద్రం ఉన్నాడు, కట్టు మార్పించుకోవడానికి. నన్ను చూసి, పక్కకి జరిగి చోటిచ్చాడు.

"మీరేంటండీ, ఇలా రొప్పుకుంటూ వచ్చారు? షుగర్ పరీక్షకా? మీకెవరు చెప్పారండీ?"

"మా ఆవిడ. చీమలు చూసి చెప్పింది," అన్నాను. సిగ్గుతో ఆయన కాలి వంక చూడలేకపోయాను.

"అదృష్టవంతులండీ," అన్నాడు నాగేంద్రం. "నాకప్పుడు ఒక్కరూ చెప్పలేదు."